కొత్త వస్తువు ఇంట్లో ఎట్లు నిలుచును?

సంఘములో కొత్త రకము నేయించినప్పుడెల్ల మనవారు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఇది అమ్ముడుపోతుందా?" దానితోపాటు ఇంకొకటి అడుగవలెనని మేము చెప్పదలచితిమి. అమ్ముడుపోయిన తరువాత ఇది ఇంట్లో ఏ పనికి కుదురుకొనును? మొదటి కొనుగోలు ముచ్చటతో జరుగును. రెండవది అలవాటుతో జరుగును. మగ్గమునకు కూడు పెట్టునది రెండవదే.

టర్కీ టవలును చూడుడు. పేరులోనే దాని పుట్టిల్లు ఉన్నది. 1850 ప్రాంతమున హెన్రీ క్రిస్టీ అను ఆంగ్లేయుడు టర్కీలో ఉంగరాల గుడ్డను చూచి నమూనా తీసికొనిపోయెను. 1851లో లండను మహాప్రదర్శనమున ఆ రకపు గుడ్డను జనులు చూచిరి. దాని నేత మనలో చాలమందికి తెలిసినదే. రెండు పడుగులు, ఒకటి బిగువు, ఒకటి వదులు. రెండు పేక పోగులను కొంచెము ఎడముగా నిలిపి, మూడవదానితో కలిపి ఒక్క దెబ్బ కొట్టినచో వదులు పడుగు ఉంగరములై లేచును. ఆ ఉంగరములే నీటిని పీల్చును.

మన ఇండ్లలో తుండుగుడ్డ ఉండగా ఇది ఎట్లు చొచ్చినది? తుండును వెళ్లగొట్టి కాదు. తుండు పలుచన, త్వరగా ఆరును, తలకు చుట్టవచ్చును, మూట కట్టవచ్చును. ఆ పనులు నేటికిని దానివే. తలంటిన జుట్టును, చంటిబిడ్డ ఒంటిని తుడుచు పని టర్కీ టవలు తీసికొన్నది. షోలాపురమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములు ఎన్నో ఆ టవలును నేసి బ్రతుకుచున్నవి. కొత్త వస్తువు నిలుచుట ఇట్లే: పాతది సరిగా చేయలేని పనిని తాను చేసి.

మనమెరుగని వాడుకను కొనువాడే కనిపెట్టుట కూడ కలదు. చీరాల ప్రాంతపు నేతగాండ్రు గళ్ల మద్రాసు రుమాళ్లు నేయగా అవి పడమటి ఆఫ్రికాకు పోయెను. నైజీరియాలోని కలబారీ జనులు ఆ గుడ్డను ఇంజిరి అందురు. పురిటికి, వేడుకలకు, చావునకు అది వారికి ఉండవలసినదే. వారి స్త్రీలు గళ్లలోని కొన్ని పోగులను కోసి, లాగివేసి, గుడ్డమీద వేరొక నమూనా తీయుదురు. దానికి పెలెటె బిటె, అనగా కోసిన పోగుల గుడ్డ, అని పేరు. మనము మగ్గము నుండి కోసి దించినప్పుడు పని ముగిసినదనుకొంటిమి. వారి చేతిలో అది మరల మొదలైనది. సముద్రము దాటి వచ్చిన సరకు వారి పెద్దలనాటి ఆచారమైనది.

కనుక కొత్త రకము దించినప్పుడు అన్ని మగ్గములకు ఒక్కసారి ఎక్కింపవద్దు. కొన్ని గుడ్డలు మాత్రము నేసి తెలిసిన ఇండ్లకు ఇయ్యవలెను. నెల తరువాత ఒకసారి, మూడు నెలల తరువాత ఒకసారి పోయి అడుగవలెను: ఎవరు వాడుచున్నారు? ఎక్కడ తగిలించినారు? ఎట్లు ఉతికినారు? మొదట ఎక్కడ చిరిగినది? జవాబులు పుస్తకములో వ్రాసికొనవలెను. రిబేటు దినములలో అమ్ముడైనదంతయు అలవాటైనదని లెక్క వేయరాదు. చవకకు కొన్న గుడ్డ పెట్టె అడుగున మడతలోనే ఉన్నచో, దానిని నమ్మి నూలు తెచ్చిన సంఘమునకు అప్పు, నేతగానికి ఖాళీ మగ్గము మిగులును.

ఈ విచారణకు దూరము పోనక్కరలేదు. గుడ్డను ఉతికి, ఆరవేసి, మడచునది మన ఇంటి ఆడవారు. ముందు వారిని అడుగుడు.