రొమ్ము గడ్డ ఆపరేషన్: మా ఊరి ఆడబిడ్డలకు నా మాటలు

పుట్టింది నర్సింహులపేటలోనే. ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి, రిటైరై ఊరికొచ్చిన. ఇంటికొచ్చి అడిగేవాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. స్కానింగ్, అంటే అల్ట్రాసౌండ్, కడుపుతో ఉన్నవాళ్లకే అనుకోవద్దు; రొమ్ము గడ్డ ఆపరేషన్‌లోనూ పనికొస్తది. చేతికి తగలని చిన్న గడ్డను రొమ్ములో వెతికి కోయడం సర్జన్‌కు కష్టం. అందుకే ఆపరేషన్‌కు ముందు, మనిషి మెలకువగా ఉండగానే, గుర్తు కోసం సన్నని తీగ గుచ్చేవాళ్లు. ఆ తీగతో పిలుపు కోసం కూర్చున్న ఆడవాళ్ల భయం నేను దగ్గరగా చూసిన. గడ్డ అల్ట్రాసౌండ్‌లో కనిపించేదైతే, థియేటర్‌లో ఆ మెషీన్ ఉంటే, తీగ అక్కర్లేదు.

2. మత్తిచ్చి చెయ్యి పక్కకు చాపి పడుకోబెట్టాక, ఒంటి మీద ఆనించే స్కాన్ ప్రోబ్‌కు జెల్లీ రాసి స్టెరైల్ కవర్ తొడుగుతారు. గడ్డ ఎక్కడుంది, చర్మానికి ఎంత లోతు, కింది కండకు ఎంత దూరం, అన్నీ తెర మీద చూసి చర్మం మీద గీత గీస్తారు. కోస్తూ మధ్యమధ్య మళ్లీ చూస్తారు. తీసిన ముక్కకు ఏ వైపు ఏదో తెలిసేలా దారాలు కట్టి, సెలైన్ నీళ్ల గిన్నెలో పెట్టి దాన్నీ స్కాన్ చేస్తారు. నాకు అన్నిటికన్నా విలువైన ఘడియ ఇదే. గడ్డ ఒక అంచుకు దగ్గరగా కనిపిస్తే, ఆ వైపు ఇంకొంచెం అప్పుడే తీస్తారు.

3. చేతికి తగిలే గడ్డకూ అల్ట్రాసౌండ్‌తో కోయడం మేలే. నెదర్లాండ్స్‌లో 134 మంది మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. చేత్తో తడిమి కోసినవాళ్లలో నూటికి 17 మందికి అంచున క్యాన్సర్ మిగిలితే, అల్ట్రాసౌండ్‌తో కోసినవాళ్లలో నూటికి ముగ్గురికే మిగిలింది.

4. సున్నపు చుక్కల్లా మామోగ్రాంలోనే కనిపించే మచ్చలు చాలావరకు అల్ట్రాసౌండ్‌కు దొరకవు. వాటికి తీగో, వేరే గుర్తో కావాలి. ముందు కీమో ఇస్తే గడ్డ కరిగి చోటు తెలియకపోవచ్చు. కీమోకు ముందే గడ్డలో గుర్తుగా క్లిప్ పెడతారా అని అడగండి.

5. ఏ అల్ట్రాసౌండ్ మెషీన్‌నైనా 1994 నాటి లింగనిర్ధారణ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. ఆడపిల్లల ప్రాణం కోసం వచ్చిన చట్టమది. దాన్ని సాకు చేసి థియేటర్‌కు మెషీన్ తేకపోవడం తప్పు.

6. తెర మీద బాగున్నా, తీసిన ముక్క బయాప్సీ రిపోర్టే ఆఖరి మాట. క్యాన్సరై రొమ్ము ఉంచి గడ్డ తీస్తే, సాధారణంగా కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి. మిర్చి ఏరే రోజులనో, పత్తి తీసే రోజులనో మధ్యలో ఆపొద్దు. వరంగల్‌లోనో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, ఎక్కడ పెట్టినా అన్ని వారాలూ ఉండే చోటు ముందే చూసుకోండి.