దుఃఖించిన శూరుడు

పాఠ్యభాగము: 2 సమూయేలు 1వ అధ్యాయము, 3:22-39, 9వ అధ్యాయము



స్నేహితుని సమాధిమీద మట్టి ఆరకమునుపే, అతని మరణమునకు కారకులని తాము తలంచినవారి వీధికి కర్రలతో బయలుదేరిన యౌవనులను మేము ఒక గ్రామములో చూచితిమి. వారిలో ఒక్కడైనను సమాధియొద్ద కన్నీరు విడువలేదు. మగవాడు ఏడ్వరాదని పెద్దలు నేర్పిరి. స్నేహితుడు చనిపోయిన వెంటనే కత్తి దూయువాడే వీరుడని సినిమాలు నేర్పుచున్నవి. లేఖనము మనకు చూపు వీరుడెట్టివాడో ఈ నెల ధ్యానింతము.

1. శూరుడు ఏడ్చెను

దావీదు గొల్యాతును కూల్చినవాడు. రాజకుమారుడైన యోనాతాను అతనిని ప్రాణస్నేహితునిగా ఎంచి, తన పైవస్త్రమును ఆయుధములను అతనికిచ్చెను. సౌలు దావీదును తరుముచున్న కాలమున యోనాతాను జీఫు అరణ్యమునకు వెదకి వచ్చి అతనిని ధైర్యపరచెను. వారిద్దరు కలిసికొనినట్లు వ్రాయబడిన కడవరి సమయము అదియే. తరువాత గిల్బోవ పర్వతముమీద ఫిలిష్తీయుల చేత యోనాతాను హతుడాయెను.

ఆ వార్త సిక్లగునకు చేరినప్పుడు దావీదు అమాలేకీయులను జయించి వచ్చి రెండు దినములే ఆయెను. జయించి వచ్చిన ఆ మనుష్యుడు బట్టలు చింపుకొని, తనవారందరితో కూడ సాయంకాలమువరకు ఉపవాసముండి ఏడ్చెను. తన సైనికుల యెదుట ఏడ్చుటకు అతడు సిగ్గుపడలేదు.

2. కోపమును మాటలలో పెట్టెను

దుఃఖము వెంట కోపము వచ్చును. దావీదు తన విలాపగీతములో గిల్బోవ కొండలమీద మంచైనను వానయైనను పడకూడదని పలికెను. కొండలు చేసిన నేరమేమి? ఏమియు లేదు. అయినను మండుచున్న హృదయమునకు ఒక దారి కావలెను. ఆ కోపమును అతడు పాటలో పెట్టెను. తనను చంప వెదకిన సౌలునుగూర్చి మాత్రము ఆ పాటలో ఒక్క చెడ్డ మాట లేదు. ధనుర్గీతమనబడిన ఆ పాటను యూదావారికి నేర్పించుమనెను. తన దుఃఖమును జనులందరితో పంచుకొనెను.

ఒక సంగతి దాచకూడదు. సౌలును చంపితినని చెప్పిన అమాలేకీయుని దావీదు ఆ దినముననే చంపించెను. లేఖనము తన వీరుల చేతులకంటిన రక్తమును కడిగి చూపదు. మనము నేర్చుకొనవలసినది ఆ కత్తినుండి కాదు, ఆ కన్నీటినుండి.

3. ఏడ్వని శూరుడు

యోవాబు కూడ శూరుడే. గిబియోను యుద్ధములో అతని తమ్ముడు అశాహేలు అబ్నేరును విడువక తరిమెను. అబ్నేరు రెండు సారులు హెచ్చరించి, తుదకు ఈటెతో పొడిచెను. యోవాబు తమ్ముని బేత్లెహేములో పాతిపెట్టి, ఆ రాత్రియంతయు నడిచి హెబ్రోను చేరెను. అతడు ఏడ్చెనని వ్రాయబడలేదు. కొంతకాలమునకు అబ్నేరు సమాధానపడుటకు రాగా, రహస్యముగా మాటలాడునట్లు గుమ్మములో అతనిని ప్రక్కకు తీసికొనిపోయి కడుపులో పొడిచెను. పగ అక్కడ ఆగెనా? తరువాత అమాశాను కూడ అట్లే మోసముతో చంపెను. వృద్ధుడై బలిపీఠపు కొమ్ములు పట్టుకొనియుండగా ఆ ఇద్దరి రక్తము నిమిత్తము తానును చంపబడెను. లోపల పూడ్చిన దుఃఖము అతనిలో కుళ్లి పగయాయెను.

4. దుఃఖము ఫలించెను

యోనాతాను మరణవార్త వచ్చిన దినమున అతని కుమారుడు మెఫీబోషెతు అయిదేండ్లవాడు. దాది ఎత్తుకొని పరుగెత్తుచుండగా పడి, కుంటివాడాయెను. ఏండ్లు గడచిన తరువాత రాజైన దావీదు యోనాతానును మరువక, అతని నిమిత్తము ఉపకారము చేయుటకు ఎవడైన మిగిలెనా అని విచారించెను. లోదెబారులో ఇతరుని యింట దాగియున్న ఆ కుంటివానిని పిలిపించి, సౌలు భూమియంతయు తిరిగి ఇచ్చి, తన బల్లయొద్ద భోజనమునకు కూర్చుండబెట్టెను. స్నేహితుని కొరకు చేయదగిన యుద్ధము ఇదియే.

ఆ యౌవనులను ఆనాడు పెద్దలు త్రోవలో ఆపిరి. కొన్ని దినములకు వారిలో ఒకడు మాయొద్దకు వచ్చి చాలసేపు ఏడ్చెను. మేము అతనిని ఏడ్వనిచ్చితిమి. తరువాత ఒక్క మాట అడిగితిమి: నీ స్నేహితుని బిడ్డ బడికి పోవుచున్నాడా? అతనికి తెలియదు. తెలిసికొనుటకు ఆ సాయంకాలమే ఆ యింటికి పోయెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుడి: మన యింట ఇంకను ఏడ్వని దుఃఖమున్నదా? మన స్నేహితుని మెఫీబోషెతు ఏ యింట దాగియున్నాడు?