కోర్టు సమను వచ్చినప్పుడు అప్పుపడిన రైతు చేయవలసినది

రామచంద్రపురం ప్రాంతమున సార్వా పనల మీద ఉండగా వాన పడినచో ఆ అప్పు దాళ్వాకు, దాళ్వా అప్పు మరుసటి సార్వాకు ప్రాకును. రెండు మూడేండ్లకు ఇంటికి కోర్టు సమను వచ్చును. చాలామంది దానిని చూరులో దోపి, "చేతిలో డబ్బు లేనప్పుడు కోర్టుకు పోయి చెప్పేదేముంది?" అని ఊరకుందురు. అప్పు చేసిన నష్టముకన్న ఈ ఊరకుండుట చేయు నష్టము ఎక్కువ.

వాయిదాకు హాజరు కానిచో, అప్పిచ్చినవాడు దావాలో చూపిన మొత్తమునకే ఏకపక్షముగా డిక్రీ కావచ్చును. మీరు అంతకుముందు చెల్లించిన సొమ్మును చెప్పువారే ఉండరు. కనుక సమను అందిన 30 దినములలో వకీలు ద్వారా జవాబు దాఖలు చేయవలెను. తగిన కారణము చూపినచో కోర్టు ఈ గడువును 90 దినముల వరకు పొడిగింపవచ్చును. ఏకపక్ష డిక్రీ అప్పటికే అయియున్నచో దానిని రద్దు చేయుమని 30 దినములలో అర్జీ పెట్టుకొనవలెను. సమను సరిగా అందనివారికి ఈ గడువు డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి మొదలగును.

జవాబులో ఏమి చెప్పవలెను? మొదట ప్రోనోటు వెనుక చూడుడు. ప్రోనోటుపై దావాకు గడువు మూడేండ్లు. గడువులోపల కొంత చెల్లించి, వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో అక్కడినుండి మరల మూడేండ్లు నడచును. తేదీ చూడక చెల్లు క్రింద సంతకము చేయరాదు. సొమ్మిచ్చి చెల్లు వ్రాయించకుండ ఇంటికి రానూరాదు. ఇక వడ్డీ. రైతుల ఋణభారము తగ్గించుటకై మద్రాసు రాష్ట్రమున 1938లో వచ్చిన 4వ చట్టము క్రింద ప్రయివేటు అప్పుపై వడ్డీ తగ్గింపు కోరవచ్చును. అడుగకనే కోర్టు తగ్గించునని నమ్ముకొనరాదు. బ్యాంకుల, సహకార సంఘముల బాకీలకు ఇది వర్తింపదు.

డిక్రీ అమలుకు అమీనా వచ్చినను అన్నియు జప్తు కావు. సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారము, స్వయముగా సాగుచేయుచు ముఖ్యముగా సేద్యముపై బ్రతుకు రైతు కాపురముండు ఇల్లు, ఆ ఇంటి స్థలము, జీవనమునకు అవసరమని కోర్టు తలచు పనిముట్లు, పశువులు, విత్తనపు ధాన్యము జప్తు చేయరాదు. కట్టుబట్టలు, వంటపాత్రలు కూడ అంతే. సొంత భూమి లేని కౌలురైతుకును ఈ రక్షణ కలదు. "ఈ హక్కు వదులుకొన్నాను" అని నోటులో వ్రాయించుకొన్నను ఆ వ్రాత చెల్లదు. అయితే ఇల్లే తాకట్టు పెట్టినచో ఆ బాకీకి ఇల్లు పోవచ్చును. పొలమునకు ఈ మినహాయింపు లేదు. పొలము వేలమైనను 60 దినములలోపల డిక్రీ బాకీతోబాటు, పాట సొమ్ములో నూటికి 5 చొప్పున కొనినవాని నిమిత్తము కోర్టులో కట్టి వేలమును రద్దు చేయించుకొనవచ్చును.

కోర్టుకు పోకుండనే తాకట్టు ఆస్తిని స్వాధీనము చేసికొను అధికారము బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టము ఇచ్చినది. నిజముగా సాగులో ఉన్న వ్యవసాయ భూమికి ఆ చట్టము వర్తింపదు. నోటీసు వచ్చినచో ఈ సంగతి వెంటనే వ్రాతపూర్వకముగా తెలుపవలెను. బ్యాంకు సివిలు కోర్టులో దావా వేయు హక్కు మాత్రము ఉండనే ఉండును. సహకార సంఘము రిజిస్ట్రారు శాఖ ద్వారానే వసూలు చేయగలదు.

మన వైపు "ఐ.పి. పెట్టుట" సులభమైన మార్గమని కొందరి భ్రమ. 1920 నాటి దివాళా చట్టము క్రింద ఆస్తి రిసీవరు చేతికి పోవును. జప్తుకాని వస్తువులే మిగులును. తాకట్టు ఋణదాత హక్కు చెడదు. ముందు రెండేండ్లలో భార్య పేర ఊరక వ్రాసిన పొలమును కూడ కోర్టు వెనుకకు తేగలదు. ఇది చిట్టచివరి మార్గము.

ఇంటి యజమాని చనిపోయిన కుటుంబమును ఋణదాతలు మరింత బెదరింతురు. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించిన తరువాత చేసిన తండ్రి అప్పును, కొడుకైనంత మాత్రమున కొడుకు తీర్చనక్కరలేదు. తండ్రినుండి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. నోటుపై తాను సంతకము చేయని భార్యకును అంతే. దినవారములలో తెచ్చిన క్రొత్త నోటుపై ఎవరును సంతకము చేయరాదు.

వకీలు ఫీజుకు వెరవవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వరద బాధితులకు, తక్కువ ఆదాయము గలవారికి ఉచితముగా వకీలు నిచ్చెదరు. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి అర్జీ ఈయవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. సమను, నోటు నకలు, చెల్లింపు రసీదులు, పాసుపుస్తకము లేక కౌలు కాగితము వెంట తీసికొనిపోవలెను. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును, కాని ఆ తీర్పుపై అప్పీలు లేదు. కావున సంతకమునకు ముందు కాగితము చదివించుకొని, వాయిదాలు నెలనెలా గాక సార్వా, దాళ్వా నూర్పిళ్ల తరువాత పడునట్లు వ్రాయించుకొనవలెను.