మంచి ఉత్తరం పోగొట్టని మెయిల్ ప్రోగ్రామ్

కూచిపూడి నాట్యగురువు వేంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టేనాటికి నాట్యం నేర్పమని అడిగే ఉత్తరాలు పోస్టులో వచ్చేవి. ఇప్పుడు మా కూచిపూడిలో పాఠం చెప్పే ఇంటికి అవి ఈమెయిల్లో వస్తున్నాయి. విండోస్‌తో పాటు వచ్చిన పాత మెయిల్ ప్రోగ్రామ్‌కి 2024 డిసెంబరు 31తో మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పింది. అప్పటినుంచి ఊళ్లో కుర్రవాళ్లు "బాబాయిగారూ, ఇప్పుడు ఏది పెట్టుకోమంటారు? స్పామ్ బాగా ఆపేది చెప్పండి" అని అడుగుతున్నారు. వాళ్లకి చెప్పిన మాటలే ఇవి.

1. ఎంత చెత్త ఆపుతుందని అడక్కండి, ఎన్ని మంచి ఉత్తరాలు మింగుతుందని అడగండి. పది లాటరీ ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లోకి వచ్చినా తీసి పారేయడం క్షణం పని. సెలవుల్లో కూతురికి పాఠం చెబుతారా అని డల్లాస్ నుంచి ఒక తల్లి రాసినది స్పామ్‌లో పడితే, ఆవిడ నాలుగు రోజులు చూసి వేరే గురువుని అడుగుతుంది. మనకి ఆ సంగతే తెలియదు. జీమెయిల్‌లో స్పామ్‌లో పడ్డవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. వారానికోసారి ఆ ఫోల్డరు తెరవండి.

2. వడపోత ఎక్కడ జరుగుతోందో చూడండి. జీమెయిల్, జోహో వంటివాటిలో అది సర్వర్ దగ్గరే జరిగిపోతుంది, ప్రోగ్రామ్ ఏదైనా పెద్ద తేడా రాదు. సొంత వెబ్‌సైట్ పేరుతో చవకగా తీసుకున్న మెయిల్ ఖాతాల్లోనే చాలాసార్లు వడపోత బలహీనంగా ఉంటుంది. అలాంటప్పుడు మార్చాల్సింది ఖాతా.

3. నేర్పితే నేర్చుకునేదాన్ని ఎంచుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మనకొచ్చే అసలైన ఆహ్వానాల్లో వీసా, పాస్‌పోర్టు, ఫీజు, డాలర్లు, ఫెస్టివల్ అన్న మాటలుంటాయి. మోసగాళ్లు వాడేవీ అవే. అందరికీ ఒకే కొలత పెట్టే వడపోతకి ఈ రెండూ ఒకేలా కనపడవచ్చు. మొజిల్లా వాళ్ల థండర్‌బర్డ్‌లో, 2004లో తొలి పూర్తి వెర్షన్ వచ్చినప్పటినుంచీ, వాడేవాళ్ల ఉత్తరాల్లోని మాటల్ని లెక్కగట్టి నేర్చుకునే వడపోత ఉంది. 2002లో పాల్ గ్రాహమ్ రాసిన వ్యాసంతో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. తరంగం, జతి, భామాకలాపం, తెలుగు లిపిలో రాసిన నాలుగు వాక్యాలు: ఇలాంటివి మన మంచి ఉత్తరాల్లో పదే పదే వస్తాయి, లాటరీ ఉత్తరాల్లో రావు. కొన్నాళ్లకి అది ఆ తేడా పట్టుకుంటుంది. కాకపోతే శిష్యులకి అడుగు దిద్దినట్టు దానికీ దిద్దాలి. చెత్తని చెత్త అని గుర్తుపెడితే చాలదు, పొరపాటున చెత్తలో వేసినదాన్ని "ఇది చెత్త కాదు" అని కూడా చెప్పాలి. ఈ రెండో పని చాలామంది చేయరు. అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల ఉత్తరాలు ఆపవద్దనే ఏర్పాటు కూడా అందులో ఉంది. శిష్యుల చిరునామాలన్నీ ముందే ఎక్కించండి.

4. ఖాతా కలిపేటప్పుడు పాప్ కాదు, ఐమ్యాప్ ఎంచుకోండి. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకేలా కనిపిస్తాయి.

5. మైక్రోసాఫ్ట్ చూపించే కొత్త అవుట్‌లుక్ పెట్టుకుంటే, వేరే కంపెనీ ఖాతాలోని ఉత్తరాలను కూడా అది తన క్లౌడ్‌లోకి తెచ్చుకుంటుంది. ఆ సంగతి తెలిసే ఒప్పుకోండి. నేనైతే ఉచితంగా దొరికే థండర్‌బర్డ్‌నే పెట్టుకోమంటాను.

6. ఏ వడపోతా పట్టలేని ఉత్తరం ఒకటుంది. తెలిసిన శిష్యురాలి ఖాతాని ఎవరో చేజిక్కించుకుని, ఆ పేరుతోనే "ఇక్కడి ఉత్సవానికి మీ బృందం రావాలి, నమోదుకి ముందు డబ్బు పంపండి" అని రాస్తారు. చిరునామా సరైనదే గనుక ప్రోగ్రామ్ దాన్ని లోపలికి రానిస్తుంది. డబ్బు మాట కనపడగానే ఆ అమ్మాయికే ఫోన్ చేయండి, ఉత్తరంలో ఇచ్చిన నంబరుకి మాత్రం కాదు. అప్పటికే డబ్బు పంపి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.