దేవదాసు కథలో ఉపపాత్రలు

ప్రేమికుల పతనానికి ప్రతినాయకుడే కారణం కావాలన్న నియమం లేదు. కొన్ని విషాదాంత కథలలో దుర్మార్గుడే కానరాడు. అయినా నాయికానాయకులు నశిస్తారు. అట్టి కథలలో ఉపపాత్రల ప్రవర్తన అనర్థానికి హేతువవుతుంది. తెలుగువారికి చిరపరిచితమైన దేవదాసు కథ ఇందుకు చక్కని నిదర్శనం.

వంగ రచయిత శరత్ చంద్ర ఛటర్జీ రచించిన ‘దేవదాసు’ నవల 1917లో వెలువడింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు చిత్రం 1953లో విడుదలైంది. ఆనాడు తెలుగు చిత్రాలు ప్రధానంగా మద్రాసులో రూపొందేవి. హైదరాబాదులో పంజాగుట్టకు చేరువనున్న అమీర్‌పేటలో సారథి స్టూడియో అటుపిమ్మట వెలసింది. చిత్రసీమ నగరం మారినా, భగ్నప్రేమికునికి దేవదాసు అన్న పేరు తెలుగునాట స్థిరపడిపోయింది.

దేవదాసు, పార్వతి ఇరుగుపొరుగు ఇళ్ళలో కలసి పెరిగినవారు. పార్వతి ఇంటివారు వివాహ ప్రస్తావన తేగా, జమీందారీ కుటుంబం కులగౌరవం పేరిట నిరాకరించింది. దేవదాసు తండ్రి క్రూరుడు కాడు. వంశప్రతిష్ఠను కాపాడుతున్నానని నమ్మినవాడు. పార్వతి తండ్రి నీలకంఠం ఆ అవమానాన్ని సహింపలేక, పిల్లలున్న విధురుడైన సంపన్న జమీందారుకు కుమార్తెనిచ్చి పెండ్లి నిశ్చయించాడు. ఆయనకూ కుమార్తె సుఖమే కోరిక. ఇద్దరు తండ్రుల అభిమానాల నడుమ పిల్లల మనసు నలిగిపోయింది. వారిని అడిగినవారే లేరు.

పట్టణంలో దేవదాసుకు లభించిన మిత్రుడు అతని దుఃఖాన్ని మరపింపజేయాలనుకున్నాడు. ఆ స్నేహమే అతణ్ణి వేశ్య చంద్రముఖి ఇంటికీ, మద్యపానానికీ చేర్చింది. చంద్రముఖి అతణ్ణి ప్రేమించి, తన వృత్తిని విడిచి, సేవ చేసింది. కాని అప్పటికే కాలం మించిపోయింది. చివరకు పార్వతి వాకిట దేవదాసు మరణించిన వేళ, ఆమెను ఇల్లు దాటనీయనివారు సైతం కుటుంబ మర్యాదనే తలచారు.

అయితే దోషమంతా ఉపపాత్రలదే అనుట సమంజసం కాదు. అర్ధరాత్రి పార్వతి తెగించి తన గదికి వచ్చినప్పుడు దేవదాసు సంశయించాడు. పట్టణం చేరి, తనను మరచిపొమ్మనే భావంతో ఆమెకు లేఖ వ్రాశాడు, వెంటనే పశ్చాత్తాపపడ్డాడు. షేక్స్‌పియర్ ‘రోమియో జూలియట్’లో మతాచార్యుని లేఖ రోమియోకు అందనందున ప్రేమికులు మరణించారు. ఇక్కడ లేఖ అందినందుననే అనర్థం కలిగింది. నాయకుని బలహీనత తెరచిన ద్వారం గుండానే ఇతరుల నిర్ణయాలు లోనికి ప్రవేశించాయి.

ఈ కథలో ప్రతివారూ తమ ధర్మాన్నే నెరవేర్చామని భావించారు. ఆ చిన్న చిన్న ధర్మాలన్నీ కలసి రెండు జీవితాలను బలిగొన్నాయి. అందువలననే పాఠకుడు ఎవరినీ పూర్తిగా ద్వేషింపలేడు, ఎవరినీ పూర్తిగా క్షమింపలేడు.

కఠిన పదాలకు అర్థాలు
హేతువు = కారణం
విధురుడు = భార్య మరణించినవాడు
సంశయించు = సందేహించు
సమంజసం = న్యాయమైనది

ప్రశ్నలు
1. ఇద్దరు తండ్రుల అభిమానం ప్రేమికుల పతనానికి ఎట్లు దారితీసింది?
2. దేవదాసు విషాదంలో అతని స్వీయ బాధ్యత ఎంత? చర్చించండి.