కుక్క కరిస్తే అన్ని ప్రశ్నలు ఎందుకు?

కుక్క కరిచి వచ్చినవారిని మేము చాలా ప్రశ్నలు అడుగుతాము. ఏ రోజు కరిచింది? ఏ ఊరిలో? పెంపుడు కుక్కా, వీధి కుక్కా? ఇప్పుడు బ్రతికే ఉందా? ఇంకెవరినైనా కరిచిందా? "సూది వేసి పంపక ఇవన్నీ దేనికండీ?" అని కొందరు విసుక్కుంటారు. గాయం కడుగుతూనే అడుగుతాము గనుక చికిత్స ఆలస్యం కాదు.

రెండు అంకెలు చూడండి. 2024లో మన దేశంలో రేబిస్ మరణాలుగా అనుమానించి ప్రభుత్వ లెక్కలో చేర్చినవి 54. అదే సంవత్సరం ప్రచురితమైన ఒక పెద్ద సర్వే, 15 రాష్ట్రాలలో ఇంటింటా విచారించి, ఏటా సుమారు 5,700 మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని అంచనా వేసింది. మిగిలినవారు ఏ రిజిస్టరులోనూ లేరు. నీళ్లను చూసి బెదిరిపోయే స్థితికి వచ్చాక ఇక లాభం లేదని రోగిని ఇంటికి తీసుకుపోతారు. కొందరికి దయ్యం పట్టిందంటారు. అందుకే మనుషులలో రేబిస్ కేసులను తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చమని 2021లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలను కోరింది.

పిచ్చికుక్క ఒక్కరినే కరిచి ఊరుకోదు. ఒక బిడ్డను ఆసుపత్రికి తెస్తారు. పక్క వీధి బిడ్డకు గాయం మీద కారమో, పసరో పూసి ఊరుకుంటారు. మొదటి బిడ్డ వివరాలు సరిగా ఉంటేనే ఆరోగ్య కార్యకర్త రెండో ఇంటికి వెళ్లగలదు. అహోబిలం వచ్చిన యాత్రికుడిని అక్కడ కుక్క కరిస్తే, అతడు సొంత ఊరిలో సూదులు వేయించుకుంటాడు. తన ఊరి పేరే చెబితే ఆళ్లగడ్డ వైపు ఎవరికీ ఆ కుక్క సంగతి తెలియదు. కాబట్టి కరిచిన చోటు చెప్పండి.

గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడగండి. బొడ్డు చుట్టూ వేసే 14 సూదులు 2004తోనే పోయాయి. ఇప్పుడు టీకా చేతికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ మరో మందు కూడా అవసరం. కుక్కను పది రోజులు గమనించండి, కానీ ఆ పది రోజులూ సూది కోసం ఆగవద్దు. ఈలోగా కుక్క చస్తే ముట్టుకోకుండా పశువైద్యునికీ, మాకూ తెలియజేయండి.

మీ ఊరిలో ఎవరైనా నీళ్లకు భయపడుతూ చనిపోయి ఉంటే అది కూడా ఆశా కార్యకర్తకు చెప్పండి. కరిచిన తర్వాత జబ్బు బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. అదే కుక్క కరిచిన మరొకరికి సూది వేసే సమయం ఇంకా మిగిలి ఉండవచ్చు.