సెలవులలో సేద్యకాయకము



కాయమనగా శరీరము. కాయముతో సత్యశుద్ధముగా చేయు శ్రమయే కాయకము. పొట్ట నింపుకొనుటకై చేయు ప్రతి పనియు కాయకము కాజాలదు. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమునందు బసవేశ్వరుని చుట్టు చేరిన శరణుల జీవితములను పరిశీలించినచో కాయకమునకు మూడు లక్షణములు కనబడును. పని స్వయముగా చేయవలెను. ఆర్జన న్యాయమైనదిగా నుండవలెను. అవసరమునకు మించినది దాసోహమునకు చెల్లవలెను. ఈ మూడింటితో నేటి యొక వాడుకను తూచి చూతము.

పట్టణవాసులు సెలవు దినములలో పొలమునకు పోయి, రైతుతో కలిసి పనిచేసి, ఆ యింటి అన్నము తిని వచ్చు వాడుక యిప్పుడు పలుదేశములలో నున్నది. 1971లో లండను నగర ఉద్యోగిని సూ కోపార్డ్ కొందరిని వారాంతమున ససెక్స్ ప్రాంతపు సేంద్రియ క్షేత్రమునకు పనికై తోడ్కొని పోయెను. ఆ ప్రయత్నమే ‘వూఫ్’ అను పేర దేశదేశములకు వ్యాపించి మన దేశమునకును వచ్చినది. వచ్చినవారు రోజులో కొంత భాగము పనిచేయుదురు. క్షేత్రమువారు భోజనమును వసతియు నిత్తురు. డబ్బు చేతులు మారదు.

శ్రమకు గౌరవమిచ్చుట మనకు క్రొత్త కాదు. ఒక్కలిగ ముద్దణ్ణ సేద్యము చేసిన శరణుడు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేనినవాడు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడిపినవాడు. ఒకనాడు మారయ్య నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆయన ధర్మపత్ని లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటికి చాలినంత యుంచి, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మన పాఠమునకు ఈ కథయే మూలము. అవసరమునకు మించి తీసికొన్నది, మంచి పని పేరిట తెచ్చినదైనను, మనది కాదు.

ఇక పని సంగతి. వేసవి సెలవులలో దుక్కికి ముందు పెంట తోలుట, పొలములోని మోళ్ళు ఏరుట, తెగిన గట్లు వేయుట మొదలగు పనులుండును. ప్రకృతి సేద్యము చేయువారింట జీవామృతము కలుపుట నేర్చుకొనవచ్చును. ఎకరమునకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 మొదలు 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి, ఉదయసాయంకాలములు కఱ్ఱతో కలియబెట్టుచు రెండు దినములు నీడన నుంచుదురు. పేడను చేతితో ముట్టుటకు జంకిన విద్యార్థికి మొదటి పాఠము అక్కడనే లభించును.

రాయలసీమలో వేసవి చివర వేరుశెనగ విత్తనపు కాయలు ఒలుతురు. యంత్రమున ఆడించిన గింజకు పైపొర చిట్లి మొలక తగ్గును గనుక చేతితో ఒలుచుటయే మేలు. అయితే ఆ పని అనేక గ్రామములలో పేద స్త్రీలకు కూలి. పిల్లలు నలుగురు ఊరక ఒలిచినచో రైతుకు నాలుగు కూళ్ళు మిగులును. నలుగురు తల్లుల ఇండ్లలో ఆనాటి పొయ్యి చల్లబడును. అట్టి సేవ కాయకము కాదు. లక్కమ్మ త్రిప్పి పంపిన బియ్యము వంటిది. కావున పిల్లలు ఆ తల్లుల ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనవలెను. తాము ఒలిచిన గింజలను వారి లెక్కలోనే చేర్పవలెను.

తలిదండ్రులు గమనింపవలసిన నియమములు:

1. ఉదయమున ఇష్టలింగార్చన ముగించి, ఎండ ముదురకముందే పనిచేయవలెను. పురుగుమందులను, యంత్రములను పిల్లలు ముట్టరాదు.
2. రైతుటింట ప్రత్యేక వంటకములు కోరరాదు. తిన్న కంచము తామే కడుగవలెను.
3. పని నేర్పు రైతు, కూలి అన్న, కూలి అక్క అందఱును ఆ దినములలో గురుస్థానీయులు. కులము అడుగరాదు, ఏకవచనమున పిలువరాదు.
4. చేపట్టిన పనిని సగములో విడువరాదు. చేరెడు నేలయైనను పూర్తిచేసి రావలెను.

భూములు గల మఠములు వేసవిలో పది దినములు సమాజ బాలబాలికలకు ఇట్టి అవకాశము కల్పించిన మేలగును. పండిన దానిలో పిల్లలు పాలుపంచుకొన్న మడి ధాన్యమును దాసోహమునకు ప్రత్యేకించినచో, తాము వడ్డించు అన్నమునకు వెనుక ఎంత చెమట కలదో వారికి బోధపడును. బసవ జయంతినాడు కాయకమును గూర్చి ఉపన్యసించి, మఱునాడు పొలము పనివానిని చులకనగా చూచు దోషము అట్లుగాని తొలగదు.

చర్చకు ప్రశ్నలు:

1. కూలి తీసికొనని పని ఎప్పుడు దాసోహమగును? ఎప్పుడు పరుల కూలిని హరించును?
2. లక్కమ్మ బియ్యమును త్రిప్పి పంపుటలోని ధర్మమును మీ ఇంటి వ్యయమునకు అన్వయింపుడు.
3. నిన్నటి మీ భోజనములోని ఏ పదార్థము ఏ పంటనుండి వచ్చినదో, దానికి ఎవరెవరు శ్రమించిరో వ్రాయుడు.